కాలువ మీద నడిచిన గవరయ్య

గవరయ్య మాస్టారిని ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పరు. ముందు వింటారు. తరవాత చేతిలోని కంచు తాళాలు కండువాతో తుడుచుకుంటారు. ఆ తరవాత అడిగినవాళ్ళకు ఏదో ఒక పని చెబుతారు. ఆ పని చేసి వచ్చేసరికి సగం మంది ప్రశ్న మరిచిపోతారు, మిగతా సగం మంది జవాబుతో వస్తారు. మా నేరేడుగరువులో ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఊరికే వచ్చి ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు, ఒక్క నూకరత్నం తప్ప.

మాస్టారు మా ఊరి ఆడవాళ్ళకు కోలాటం నేర్పుతారు. పన్నెండు మంది బృందం. దానికి నాయకురాలు నూకరత్నం. అందరికంటే ముందు వస్తుంది, అందరికంటే గట్టిగా పాడుతుంది. అందరికంటే బాగా ఆడుతుందని మాత్రం నేను ఎక్కడా అనలేదు. వాళ్ళు ఆడే చోటు కాలువ గట్టు కింద ఉన్న పాత టూరింగ్ టాకీసు స్థలం. ఒకప్పుడు ఏటా పంట మాసూళ్ళు అయ్యాక అక్కడ డేరా దిగేది, వానలు పడేముందు లేచిపోయేది. నేల టిక్కెట్టు వాళ్ళం ఇసక కుప్ప చేసుకుని దాని మీద కూర్చునేవాళ్ళం. ముందు కుప్ప వాడు ఎత్తు పెంచితే వెనక కుప్ప వాడూ పెంచేవాడు. ఇంటర్వెల్ అయ్యేసరికి డేరా లోపల చిన్న చిన్న గుట్టలు లేచేవి. ఇప్పుడు డేరా లేదు, ఆ ఇసకా లేదు. తెర కట్టిన రెండు ఇనుప స్తంభాలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మీద మాస్టారు ఒక దూలం వేయించి, దూలం నడుమ నుంచి పన్నెండు రంగుల తాళ్ళు వేలాడదీశారు. అది జడ కోలాటానికి. ఒక్కొక్కరు ఒక చేత్తో తాడు కొస, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని, ఒకరి ముందు నుంచి ఒకరు, ఒకరి వెనక నుంచి ఒకరు తిరుగుతూ ఆడితే పైనుంచి కిందికి జడ అల్లుకుంటుంది. మళ్ళీ అవే అడుగులు వెనక్కి వేస్తే జడ విడిపోతుంది. వేయడం చూడ్డానికి బాగుంటుంది కాబట్టి ఊరంతా అది చూసి చప్పట్లు కొట్టి వెళ్ళిపోతుంది. విప్పడం కష్టం. ఒక్కరు అడుగు తప్పినా ముడి పడుతుంది.

మాస్టారి దగ్గర ఒకటే కట్టుబాటు. వేసిన జడ విప్పకుండా ఎవరూ ఇంటికి వెళ్ళకూడదు. రోజూ ఆఖర్న ఆయన అనే మాట కూడా అదే: "జడ విప్పి వెళ్ళండమ్మా." ఒకసారి సూరమ్మ పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని చెప్పి మధ్యలో పరిగెత్తితే, మనిషిని పంపి వెనక్కి పిలిపించారు. పాలు మాడిపోయాయి. సూరమ్మ మొగుడు ఆ పాల గురించి ఇప్పటికీ చెబుతాడు. పెళ్ళాం గురించి కూడా అంత ప్రేమగా చెప్పగా నేను వినలేదు.

ఇక అసలు సంగతి. మొన్న ఏప్రిల్ ఒకటో తారీఖున టౌన్లో గజ్జెలూ కోలాటం కర్రలూ అమ్మే కొట్టువాడు ఫోన్లో ఒక వీడియో పెట్టాడు. కొత్తరకం కర్రలు వచ్చాయట. ఎవరైనా అడుగు తప్పితే కర్ర దానంతట అదే వాళ్ళ పేరు పెట్టి పిలుస్తుందట. వీడియోలో ఒక కర్ర "సుబ్బలక్ష్మీ! సుబ్బలక్ష్మీ!" అని అరిచింది కూడాను. నూకరత్నం ఆ మధ్యాహ్నమే ముగ్గుర్ని వెంటబెట్టుకుని బస్సెక్కింది. తన బృందంలో ఎవరు తప్పుతున్నారో తేల్చాలని ఆమె పట్టుదల. ఆ కర్ర నిజంగా ఉంటే మొదటిరోజే ఎవరి పేరుతో గొంతు బొంగురుపోయేదో నేను చెప్పను. కొట్టువాడు వీళ్ళని చూడగానే వీధిలోకి వచ్చి, "వచ్చారండోయ్, మళ్ళీ నలుగురు వచ్చారు!" అని కేకేశాడు. బెంచీ వేసి కూర్చోబెట్టాడు, మజ్జిగ ఇచ్చాడు, "ఇవాళ తారీఖు ఎంతమ్మా?" అని అడిగాడు. అప్పుడు అర్థమైంది. నమ్మి వచ్చినందుకు మనిషికో జత గజ్జెలు ఊరికే ఇచ్చాడు. ఫోటో తీసి కొట్టు గోడకు అంటించాడు. ఆ ఫోటోలో నూకరత్నం ఒక్కతే నవ్వలేదు. బస్సు దిగేసరికి ఆమె కూడా నవ్వింది.

అది జరిగిన పదిహేను రోజులకు ఆమె ఫోన్ మోగింది. ఏదో ప్రపంచ కోలాట మహోత్సవమట. ఢిల్లీలో. మన రాష్ట్రం మొత్తానికి నేరేడుగరువు బృందాన్నే ఎంపిక చేశారట. పన్నెండు మంది ఆధార్ కార్డుల ఫోటోలు పంపాలి. తరవాత ఒక్కొక్కరి ఫోన్‌కు కొన్ని అంకెలు వస్తాయి, ఆ అంకెలు చదివి చెప్పాలి. శుక్రవారం సాయంత్రం ఆరు గంటల్లోపు కావాలి. మిగతా బృందాలకు తెలిస్తే గొడవ చేస్తారు కాబట్టి ఎవరికీ చెప్పకూడదు. అవతలి గొంతు చాలా మెత్తగా ఉంది, మాటకు ముందు "మేడమ్", మాటకు వెనక "మేడమ్". నూకరత్నం పుట్టి యాభై రెండేళ్ళయినా ఆమెను మేడమ్ అన్న మొదటి మనిషి అతనే. ఎవరికీ చెప్పొద్దన్నాడు కాబట్టి ఆమె ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పింది. శుక్రవారానికి ఊరందరికీ తెలిసిపోయింది, ఇక తెలియనిది ఢిల్లీ వాళ్ళకే.

శుక్రవారం నాలుగింటికల్లా అందరూ టాకీసు స్థలంలో ఉన్నారు. నూకరత్నం పక్కన చీరల కొట్టు సంచి. అందులో పన్నెండు ఆధార్ కాపీలు. ఆ సంచి పక్కన ఒక కొబ్బరాకు బుట్ట. అందులో పన్నెండు ఫోన్లు, నిద్రపోతున్న పిట్టల్లాగ. ఆ ఫోన్లకు వచ్చే అంకెల వెనకాలే పార్వతమ్మ ముసలి పింఛను ఉంది, మిగతావాళ్ళ పొదుపు సంఘం డబ్బు ఉంది. ఆ సంగతి వాళ్ళకు తెలియక కాదు. "రత్నం అడిగింది కదా" అని ఇచ్చారు. సూరమ్మ ఒక్కతే ఫోన్ బుట్టలో పెడుతూ, "ఇదీ ఆ అరిచే కర్రలాంటిదే అవుతుంది చూడు" అంది.

నూకరత్నానికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారండీ, కర్ర అరుస్తుందన్నది అబద్ధం. నమ్మి వెళ్ళాం. నవ్వారు, మేమూ నవ్వాం, గజ్జెలు తెచ్చుకున్నాం. ఇప్పుడు ఇదీ అబద్ధమే అంటోంది సూరమ్మ. అయితే అయిందండీ, మహా అయితే మళ్ళీ నవ్వుతారు, అంతేగా? ఏ అబద్ధానికి వెళ్ళొచ్చు, ఏ అబద్ధానికి వెళ్ళకూడదు? నాకెలా తెలుస్తుంది?"

మాస్టారు తాళాలు తుడుచుకున్నారు. "జడ వెయ్యండి" అన్నారు.

వేశారు. ఎనభై ఏళ్ళకు దగ్గర పడిన మనిషి, తాళం మాత్రం ఇంకా గడియారంలా వేస్తారు. జడ తల ఎత్తు దాకా వచ్చాక ఆయన తాళం ఆపేశారు. "అలాగే వదిలేసి కూర్చోండి" అన్నారు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళలో ఆయన జడను సగంలో వదిలేయమనడం ఇదే మొదలు. తాళ్ళ కొసలు నేల మీద పెట్టి, చుట్టూ కూర్చున్నారు. నేను గట్టు మీద కూర్చున్నాను. నాకక్కడేం పని అని ఎవరూ అడగలేదు. ఎప్పుడూ అక్కడే ఉంటాను కాబట్టి అడగడం మానేశారు.

"ఈ స్తంభాలకు తెర ఉండే రోజుల్లో," అని మొదలుపెట్టారు మాస్టారు, "నేను టాకీసు ప్రచారం మనిషిని. కాళ్ళకు కర్రలు కట్టుకుని తాడిచెట్టంత ఎత్తున ఊళ్ళో నడిచేవాణ్ణి. వెనక జట్కా, జట్కాలో డప్పు, రోజాపూల రంగు కరపత్రాలు."

ఆ కరపత్రాల వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. పచ్చి సిరా వాసన. జట్కా వెనక పరిగెత్తి ఏరుకున్నవి మడిచి పుస్తకాల్లో పెట్టుకునేవాళ్ళం. సినిమా మారినా కాగితం వాసన మారేది కాదు. ఒక ఏడు జరిగినది మాస్టారు చెప్పారు, నేను చూశాను కూడా, కాబట్టి రెండూ కలిపి చెబుతాను.

ఆ ఏడు టాకీసు మేనేజరు పట్టాభి ఒక జానపద సినిమా తెచ్చాడు. అందులో ఒక ముని నీళ్ళ మీద నడుస్తాడు. సోమవారం తెల్లారేసరికి ఊళ్ళో గోడలన్నిటి మీదా ఎర్రరంగుతో ఒకటే రాత: "గురువారం సాయంత్రం నాలుగు గంటలకు లాకుల దగ్గర ఒక మనిషి కాలువ మీద నడిచి వచ్చును." ఎవరు, ఎందుకు అన్నది లేదు. టాకీసు పేరూ లేదు. మూడు రోజులు ఊరు ఊరులా లేదు. కరణంగారు అబద్ధమన్నారు, కరణంగారి భార్య నిజమంది, ఆ మూడు రోజులూ వాళ్ళింట్లో కూర ఉడకలేదు.

అవి వేసవిలో కాలువ కట్టేసిన రోజులు. నీళ్ళు నడుము లోతుకు మించి లేవు, టీ రంగులో ఉన్నాయి. లాకుల దగ్గర అడుగున రాతి చప్టా ఉంటుంది. గవరయ్య మూడు పొద్దులు దిగి లోతు కొలుచుకున్నాడు. సరిగ్గా ఆ లోతుకు కర్రకాళ్ళు కోయించుకున్నాడు. గురువారం నాలుగింటికి లాకు గోడ వెనక పడవలోంచి లేచి, తెల్ల గడ్డం, కాషాయం గుడ్డ, చేతిలో కమండలంతో కాలువ మీదికి నడిచి వచ్చాడు. నీళ్ళు పాదాల మీదే ఉన్నాయి, అంతకంటే పైకి లేవు. రెండు గట్ల మీదా జనం. చప్పుడు లేదు. కరణంగారు చేతులు జోడించారు. తరవాత ఆయన ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నానన్నారు, రెండు చేతులూ.

"పట్టాభిగారి ఆజ్ఞ ఏమిటంటే," అన్నారు మాస్టారు, "ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు రావాలి, మళ్ళీ గోడ చాటుకు పోవాలి. శనివారం ఆట మొదలయ్యేదాకా ఎవరికీ ఏమీ చెప్పకూడదు. ఊరు రెండు రోజులు ఉడకాలి. శనివారం తెర ముందు నేను కర్రలు కట్టుకుని నిలబడి నవ్వించాలి. అదీ ఏర్పాటు. సగం దూరం వచ్చాను. అప్పుడు బేబమ్మ కాలువలోకి దిగింది."

ఆ పేరు వినగానే ముసలి పార్వతమ్మ "అయ్యో, బేబమ్మ" అంది. బేబమ్మ పోయి పన్నెండేళ్ళయింది.

బేబమ్మ చంకలో మూడేళ్ళ పిల్ల. వారం రోజులుగా జ్వరం, కళ్ళు తెరవడం లేదు. నడుము లోతు నీళ్ళలో పిల్లను తల మీదికెత్తుకుని, బేబమ్మ ఈ ముని దగ్గరికి నడిచి వచ్చింది. ఒక చేత్తో పిల్ల మొలకున్న వెండి మొలతాడు తెంపింది. "సామీ, నా దగ్గర ఇదొక్కటే ఉంది. తీసుకో. దీని ఒళ్ళు ఒక్కసారి నిమురు" అని చాచింది. గట్టు మీది జనం కూడా కదిలారు. ఎవరి చెవుల్లో ఏముంటే అది తీస్తున్నారు. గట్టు మీదినుంచి పట్టాభి గడ్డం పైకెత్తి సైగ చేశాడు: కానీ, కానీ అని.

మాస్టారు చేతిలోని తాళాలను చూసుకున్నారు.

"నా చెయ్యి కదిలిందమ్మా," అన్నారు చివరికి. "ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తీసుకోవాలని కాదు, వద్దనాలనీ కాదు. అంతమంది నన్ను అలా చూస్తుంటే దానంతట అదే ముందుకు వెళ్ళింది. ఇంత." బొటనవేలూ చూపుడువేలూ దూరం పెట్టి చూపించారు. "అంతే వెళ్ళింది. నాకు భయమేసింది. కాలు పైకెత్తాను."

కర్రకాళ్ళ మీద ఉన్నవాడు నీళ్ళలోంచి కాలెత్తితే ఏమవుతుందో ఆయనకు తెలియకుండా ఉండదు. వెల్లకిలా పడ్డాడు. ముని మునిగిపోయాడు, రెండు కర్రలు మాత్రం ఆకాశం వైపు లేచాయి. గడ్డం కొట్టుకుపోయింది. గవరయ్య లేచి, నోట్లోంచి నీళ్ళు ఉమ్ముతూ, "అక్కా, కర్రలక్కా! కర్రలు! నేను గవరయ్యని! ఇది టాకీసు అడ్వర్టయిజ్‌మెంటు! పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకుపో!" అని అరిచాడు. రెండు గట్లూ నవ్వాయి. నవ్వు మొదలుపెట్టింది కరణంగారి భార్య అని కొందరు, కాదు కరణంగారే అని కొందరు. బేబమ్మ నవ్వలేదు. ఆ తడి చేత్తోనే గవరయ్యను చెంప మీద కొట్టింది. గవరయ్య కొట్టించుకున్నాడు. కొట్టించుకుని, కర్రలు విప్పేసి, పిల్లను భుజాన వేసుకుని ప్రచారం జట్కా ఎక్కించి, తనే తోలుకుని టౌన్లో డాక్టరు దగ్గరికి పోయాడు. జట్కాకు రెండు పక్కలా సినిమా బొమ్మలు ఉండటం వల్ల ఇదీ ప్రచారమే అనుకుని దారిలో రెండూళ్ళ పిల్లలు కరపత్రాల కోసం వెంటబడ్డారు.

పిల్ల బతికింది. శనివారం ఆటకు డేరా సరిపోలేదు. అయినా పట్టాభి గవరయ్యను పనిలోంచి తీసేశాడు, రెండు రోజులు ఉడకాల్సిన ఊరిని పది నిమిషాల్లో దించేశాడని. అప్పుడే గవరయ్య ఆ కర్రకాళ్ళను ముక్కలు కోసి మొదటి కోలాటం కర్రలు చేసుకున్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. నిజమో కాదో నాకు తెలియదు. ఊళ్ళో చెప్పింది నేనే. బేబమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ ఆయన్ను పేరు పెట్టి పిలవలేదు. వీధిలో ఎదురుపడితే చాలు, "ఏరా కర్రల దేవుడా, ఇవాళ నేల మీదే నడుస్తున్నావా?" అనేది. మాస్టారు ఆగి, "నేల మీదేనక్కా" అని చెప్పి కదిలేవారు. ఆ మాట విని పన్నెండేళ్ళయింది. ఆయన బేబమ్మ ఇంటి అరుగు దగ్గర ఇప్పటికీ ఒక అడుగు ఆలస్యంగా వేస్తారు. కావాలంటే చూడండి.

మాస్టారు చెప్పడం ఆపారు. జడ గాలికి కొంచెం ఊగింది. అయిదూ నలభైకి బుట్టలో నూకరత్నం ఫోన్ మోగింది.

ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన మళ్ళీ తాళాలు తుడుచుకుంటున్నారు. ఆమె ఫోన్ ఎత్తి, అందరికీ వినబడేలా పెట్టింది.

"మేడమ్, నమస్తే మేడమ్. ఇంకా ఇరవై నిమిషాలే ఉంది మేడమ్. ఫోటోలు పంపేశారా?"

"ఇదిగో బాబూ, సంచిలోనే ఉన్నాయి," అంది నూకరత్నం. "ఒక్క మాట చెప్పు. అవి పంపాక మేము నిన్ను చూడాలంటే ఎక్కడికి రావాలి? పోయినసారి కొట్టాయన బెంచీ వేసి కూర్చోబెట్టాడు."

"ఏ కొట్టు మేడమ్? మీరు రానవసరం లేదు మేడమ్. ఎక్కడికీ రానవసరం లేదు. ముందు ఆ అంకెలు..."

"అయితే నువ్వే రా నాయనా. మా మాస్టారు ఇక్కడే ఉన్నారు. మా వాళ్ళందరూ కూర్చున్నారు. నువ్వు చెప్పేది వింటున్నారు."

అవతల ఆ మెత్తని గొంతు మారింది. "అందరికీ ఎందుకు చెప్పావు? చెప్పొద్దన్నానా లేదా?"

"మేడమ్ అనడం మానేశాడే," అంది సూరమ్మ. ఫోన్ ఆగిపోయింది. నూకరత్నం తిరిగి చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. ఆ నంబరే లేదంది.

నూకరత్నం చాలాసేపు ఆ ఫోన్ను చూస్తూ కూర్చుంది. తరవాత లేచి, చీరల సంచిలోంచి కాపీలు తీసి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి చేతికిచ్చింది. "పార్వతమ్మా. సూరమ్మా. చిలకమ్మా." ఫోన్లూ అలాగే. ఆ వరస వింటుంటే నాకు టౌన్ కొట్టు వాడి అరిచే కర్ర గుర్తొచ్చింది, కాని ఆ మాట అప్పుడు అనలేదు. ఆఖరున సంచిలో ఒక్క కాగితం మిగిలింది. అది ఆమెదే. ఆమె తన పేరు పిలవలేదు. మడిచి బొడ్డులో దోపుకుంది.

"అయితే మనల్ని ఎవరూ పిలవలేదన్నమాట," అంది.

అనడానికి నా దగ్గర మూడు నాలుగు మాటలు ఉన్నాయి, వాటిని ఇంటికి తీసుకుపోయాను.

మాస్టారు లేచి నిలబడ్డారు. మోకాళ్ళు రెండూ చప్పుడు చేశాయి. నేల మీద పడివున్న ఎర్ర తాడు కొస వంగి తీసి, నూకరత్నం చేతిలో పెట్టారు. మిగతావాళ్ళు కూడా లేచి ఎవరి తాడు వాళ్ళు తీసుకున్నారు. తాళం మొదలైంది. అడుగులు వెనక్కి పడ్డాయి. జడ పాయ పాయగా విడిపోతూ పైకి పోయింది. ఒక్క ముడి కూడా పడలేదు. ఆ రోజు నూకరత్నం ఒక్క అడుగు కూడా తప్పలేదని ఒప్పుకోక తప్పదు.

తాళ్ళు పన్నెండూ విడివిడిగా వేలాడుతుంటే ఆమె చెమట తుడుచుకుని అంది: "మాస్టారండీ, నేనడిగిన దానికి మీరు జవాబు చెప్పనే లేదు."

మాస్టారు తాళాలు మూట కట్టుకుని కాలువ గట్టు వైపు రెండడుగులు వేసి ఆగారు.

"మీరు జడ విప్పారమ్మా, ఇక వెళ్ళండి," అన్నారు. "కొట్టాయన కూడా తను వేసిన జడ విప్పే పంపాడు."